అడగకుండా అచ్చేసిన లెక్క

ఈ మధ్య మా చర్చి సంఘంలోని ఒక అమ్మాయికి ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు రోజు మా ఇంటికి వచ్చి, "అంకుల్, ముప్పైమూడేండ్లు చేసినారు గదా, ముఖ్యంగా ఏంది గుర్తు పెట్టుకోవాల?" అని అడిగింది. గొంతు కాపాడుకోమని, మొదటి నెలలోనే పిల్లలందరి పేర్లూ నేర్చుకోమని చెప్పి పంపాను. ఆమె గేటు దాటి వెళ్ళాక సిగ్గేసింది. ఆ రెండూ ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రమే చెప్పగలిగింది ఒకటుంది. అది చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, నాకంటే మేలైన ఒక మనిషి గురించి చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

మా బడి, మా కబురు

మాది తెక్కలకోటలో పాత మిషన్ వాళ్ళు పెట్టిన తెలుగు బడి. రెండు పెంకుల గదులు, తర్వాతి కాలంలో వేసిన మూడు రేకుల గదులు. నేను ఎక్కువ ఏళ్ళు నాలుగో తరగతికే చెప్పాను. మా సంఘం వాళ్ళ పిల్లలు కొందరు, అంటే నర్సుల, కాంపౌండర్ల, కరెంటు పనివాళ్ళ పిల్లలు. తరతరాలుగా ఇక్కడే వరి పండిస్తున్న తెలుగు రైతుల పిల్లలు కొందరు. కూలికి పోయేవాళ్ళ పిల్లలు చాలామంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలో బోర్డులన్నీ కన్నడం. తండ్రుల్లో చదువుకున్నవాళ్ళు కన్నడం చదివినవాళ్ళే. తల్లుల్లో చాలామందికి రెండూ చదవడం రాదు.

మా ఊరి చుట్టూ కాలువ నీళ్ళు, వరి మళ్ళు. ఇనుప రాయి మా నేలలో లేదు. అయినా గనుల కాలం మా ఊరికి లారీల మీద వచ్చింది. నిన్నటిదాకా ట్రాక్టరు నడిపినవాడు ఇవాళ పది చక్రాల లారీ ఎక్కాడు. గని దగ్గర రాయి ఎత్తుకుని, సముద్రం రేవులో దించి, మళ్ళీ గని దగ్గర వరసలో నిలబడి, పది పన్నెండు రోజులకు ఒకసారి ఇంటికి వచ్చేవాడు.

అలాంటి తండ్రి ఒకాయన ఒక మధ్యాహ్నం నా తరగతికి వచ్చాడు. లుంగీ కాళ్ళదాకా దింపుకుని, చెప్పులు బయట విడిచి, "సారూ, నా కొడుకు ఏం నేర్చుకుంటాండాడో చూస్తా. రేపు పొద్దున్నే మల్లా పోవల్ల" అన్నాడు. చివరి బెంచీలో, పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని, గంట కొట్టేదాకా కూర్చున్నాడు. నాకు చికాకేసింది. మా ప్రధానోపాధ్యాయురాలు సుగుణమ్మగారు వరండాలోంచి ఆయన్ని చూశారు. ఆ వారమే మా తరగతి నుంచి ఇళ్ళకు ఒక కాగితం వెళ్ళాలని నిర్ణయించారు. నేను చికాకు పడిన చోట ఆమెకు పని కనిపించింది. ఆమెకూ నాకూ ఉన్న తేడా అదే.

ఆ కాగితం పేరు 'మా తరగతి కబురు'. ఒకే కాగితం, రెండు వైపులా. పిల్లలు చెప్పిన వాటిని నా చేతిరాతతో రాసేవాణ్ణి. బస్టాండు దగ్గర జెరాక్స్ తీయించి, శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇంటికొకటి చొప్పున పంపేవాళ్ళం. ఈ వారం ఏం నేర్చుకున్నామో ఉండేది. వచ్చే వారం ఇంటి నుంచి ఏం తెచ్చుకోవాలో ఉండేది: పది చింతగింజలు, ఒక పాత పోస్టుకార్డు, అవ్వ దగ్గర నేర్చుకున్న ఒక పొడుపుకథ. వెనక వైపు ఇళ్ళ నుంచి వచ్చిన కబుర్లు. ఎవరింట్లో దూడ పుట్టింది, ఎవరి నాయన రేవు నుంచి గవ్వలు తెచ్చాడు.

చదవలేని ఇంట్లో పిల్లలే చదివి వినిపించేవాళ్ళు. డ్రైవర్లు దాన్ని మడిచి లారీలో అద్దం పైన దోపుకుని వెళ్ళేవాళ్ళు. లోడు కోసం రోజంతా వరసలో నిలబడ్డప్పుడు తెలుగు చదవడం వచ్చిన డ్రైవరెవరైనా పైకి చదివితే, మన ఊరు కాని డ్రైవర్లు కూడా చుట్టూ చేరి, "ఆ దూడకేం పేరు పెట్టినారప్పా?" అని అడిగేవాళ్ళట. నా ఉద్యోగంలో నేను రాసిన వాటిలో ఎవరైనా కోరి చదివింది అదొక్కటే.

గురువారం నడక

సుగుణమ్మగారు ఆ కాగితానికి ఒకే ఒక నియమం పెట్టారు. ఒక ఇంటి మాట ఏదైనా అందులో ఉంటే, అచ్చుకు వెళ్ళే ముందు ఆ ఇంటికి వెళ్ళి, ఆ ఇంటివాళ్ళకు చదివి వినిపించాలి. వాళ్ళు సరే అంటే ఉంటుంది. వద్దంటే, ఎందుకని అడగకుండా కొట్టేయాలి. గురువారం బడి వదిలాక ఆమే గొడుగు పట్టుకుని బయల్దేరేవారు. మొదటి ఏడాది నన్ను వెంట తిప్పుకున్నారు.

ఒకసారి ఒక పిల్లవాడు, 'మా అవ్వ కోడిపెట్టను సంతలో అమ్మింది' అని కబురు రాశాడు. నాకు అందులో దాచవలసింది ఏమీ కనిపించలేదు. అవ్వ వాకిట్లో కూర్చుని శనగలు చెరుగుతోంది. సుగుణమ్మగారు చదివారు. అవ్వ చేట కింద పెట్టింది.

"ఏంది టీచరమ్మా, నా కోడి సంగతి ఊరంతా ఏమిటికి?"

"నీ మనవడు రాసినాడవ్వా. వద్దంటే తీసేస్తా."

"తీసెయ్ తల్లీ తీసెయ్. కోడిని నక్క ఎత్తకపోయిందని నా కోడలికి చెప్పినా. ఆ పొద్దు నుంచీ ఆయమ్మ పాపం నక్కను తిడతానే ఉండాది."

సుగుణమ్మగారు నవ్వకుండా ఆ వాక్యం మీద గీత పెట్టారు. వీధి మలుపు తిరిగాక నిలబడి, గొడుగు మీద ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తర్వాత నాతో, "పిల్లలు బడికి ఇంటిని ఎత్తుకుని వస్తారు సార్. వాళ్ళు దించిందంతా మనది కాదు" అన్నారు.

ఇలాంటి పెద్దవాళ్ళ కింద పనిచేయడం అదృష్టమని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు మాత్రం ఇదంతా కాళ్ళనొప్పుల పని అనిపించేది. మా కరస్పాండెంటుగారు ఒకసారి ఆ కాగితం చూసి ముచ్చటపడి, పైన తన ఫొటో వేయిస్తే బాగుంటుందన్నారు. సుగుణమ్మగారు, "అట్లనేనండీ. అందరి ఇండ్లకూ తీసుకపోయి చూపించి, సరే అంటే వేస్తాం" అన్నారు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రాయి నూరిన నెల

ఒక ఏడాది మేం పిల్లల్ని సంగనకల్లు కొండకు తీసుకువెళ్ళాం. వేల ఏళ్ళ కిందట మనుషులు అక్కడే రాతి గొడ్డళ్ళు చేసేవాళ్ళని, బండల మీద నూరి పదును పెట్టిన గుంటలు ఇప్పటికీ ఉన్నాయని పిల్లలు తెలుసుకున్నారు. తిరిగి వచ్చాక ఒక పిల్ల అడిగింది: "ఒక గొడ్డలి నూరాలంటే ఎన్ని దినాలు పడతాది సార్?" నాకు తెలియదు. తెలియదని చెప్పబోతుంటే సుగుణమ్మగారు, "నూరి చూడండి" అన్నారు.

నెల రోజులు నా తరగతి వెనక వరండాలో ఇసుక, నీళ్ళు, ఒక నల్లరాయి. ప్రతి పిల్లా రోజూ కాసేపు నూరాలి. ప్రతి శనివారం కాగితంలో, 'ఈ వారం మా రాయి ఇంత నున్నగా అయింది' అని ఒక బొమ్మ. తల్లులు చేలో వంగి నాట్లు వేస్తూ, "మీ రాయి యాడిదాకా వచ్చిందే?" అని పిల్లల్ని అడిగేవాళ్ళు. నెలాఖరుకు ఆ రాయితో ఒక చింతకొమ్మ నరకగలిగారు. బాగా నరికిందని చెప్పలేను. కానీ ఆ అడిగిన పిల్ల దాన్ని గుండెలకు హత్తుకుని పట్టుకున్న తీరు నాకింకా కళ్ళ ముందుంది.

ఆ పిల్ల పేరు సుంకమ్మ. తండ్రి ఎర్రిస్వామి లారీ డ్రైవరు. తల్లి హులిగమ్మ నాట్లకు, కోతలకు వెళ్ళేది. ఇల్లు కాలువ అవతల. చంకలోని తమ్ముణ్ణి దించి బడికి వచ్చేది కాబట్టి రోజూ ఆలస్యమే. లెక్కల్లో మాత్రం ఆమెకంటే ముందు చేయి ఎత్తినవాళ్ళు లేరు.

ఇంటి లెక్కలు

రాయి నూరడం సుగుణమ్మగారి ఆలోచన కాబట్టి, నాది కూడా ఒకటి ఉండాలని నాకు పట్టుదల వచ్చింది. దాచడం దేనికి, అది అసూయే. పుస్తకంలో మామిడిపళ్ళ లెక్కలు మానేసి, ప్రతి పిల్లా తన ఇంట్లోంచి ఒక లెక్క తయారు చేసి తేవాలన్నాను. నిజానికి అది మంచి ఆలోచనే. పాలు పోసే ఇంటి పిల్ల లీటర్ల లెక్క తెచ్చింది. నాట్ల కూలీల పిల్లలు మళ్ళూ మనుషులూ లెక్క తెచ్చారు. ప్రతి వారం ఒకటి ఎన్నిక చేసి కాగితంలో, పిల్ల పేరుతో, తండ్రి పేరుతో వేసేవాణ్ణి.

ఒక వారం సుంకమ్మ తెచ్చిన లెక్క ఇది: మా నాయన లారీకి పదహారు టన్నులు వేయాలి. ఇరవైఆరు వేస్తారు. ఎక్కువ వేసినదానికి చీటీ ఉండదు. నాలుగు ట్రిప్పులకు చీటీ లేని రాయి ఎన్ని టన్నులు?

తీసివేత, ఆ పైన గుణకారం. రెండు మెట్ల లెక్క నాలుగో తరగతి పిల్ల స్వయంగా కట్టింది. నేను ఆమెను నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. లారీలన్నీ అలాగే, పర్మిట్టు చీటీకి మించిన రాయితో నడుస్తున్నాయని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. అందరికీ తెలిసిన మాటను కాగితం మీద పెడితే అది వేరే వస్తువు అవుతుందని మాత్రం తట్టలేదు.

శుక్రవారం పొద్దున బడికి తనిఖీ అధికారి వస్తున్నారు. ఆయనకు ఆ కాగితం, ముఖ్యంగా ఆ లెక్క, చూపించాలని నా ఆత్రం. అందుకని గురువారం సాయంత్రానికే జెరాక్స్ కావాలి. సుగుణమ్మగారు తనిఖీ రికార్డులతో తీరిక లేకుండా ఉంటే, ఆ వారం ఇళ్ళకు నేనే వెళతానన్నాను. వెళ్ళవలసిన ఇళ్ళు మూడు. రెండు ఊళ్ళోనే ఉన్నాయి, వెళ్ళాను. మూడోది కాలువ అవతల. ఎండ ఇంకా తగ్గలేదు. దారిలో నాకు నేను ఒక న్యాయం చెప్పుకున్నాను: నియమం కబుర్లకు కదా, లెక్కకేముంది, లెక్కే కదా. అక్కడి నుంచే బస్టాండు వైపు తిరిగాను. సుగుణమ్మగారు, "అన్ని ఇండ్లకూ పోయినారా సార్?" అంటే, "అయ్యిందమ్మా" అన్నాను.

తనిఖీ అధికారి కాగితం చేతికి తీసుకుని, "బాగుంది, బాగుంది" అని, దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నారు.

శనివారం, సోమవారం

ఎర్రిస్వామి నడిపే లారీ తిమ్మప్పది. ఆయనది మా ఊళ్ళో పాత రైతు కుటుంబం. గనుల కాలంలో ఆరు లారీలు కొన్నాడు. చెడ్డవాడు కాదు. మా బడి రేకుల గదులు ఆయన వేయించినవే. ఆయన మనవరాలు హర్షిత సుంకమ్మ పక్కనే కూర్చునేది. తిమ్మప్పకు చదవడం వచ్చింది కన్నడమే కాబట్టి ప్రతి శనివారం మనవరాలు అరుగు మీద నిలబడి మా కాగితం పైకి చదవాలి, ఆయన కాఫీ తాగుతూ వినాలి. అది ఆ ఇంట్లో ఒక వేడుక.

ఆ శనివారం అరుగు మీద, గనుల రవాణా చీటీలు పరిశీలించే అధికారి ఒకాయన అతిథిగా కూర్చుని ఉన్నాడు. హర్షిత గొంతెత్తి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, లెక్క మొత్తం చదివింది. తండ్రి పేరు కూడా వదల్లేదు. అధికారి నవ్వి, "మీ ఊర్లో నాలుగో తరగతి పిల్లోల్లకు కూడా తెలుసన్నమాట" అన్నాడట. ఆ నవ్వు తిమ్మప్పకు చాలు.

సోమవారం ప్రార్థన అయ్యేసరికి తిమ్మప్ప వరండాలో ఉన్నాడు. కాగితం నా ముందు చాచాడు.

"ఏంది సారూ ఇది? నా లారీల లెక్కాచారం మీ బడిలో ఏమిటికప్పా? నేనేమన్నా మీ తరగతిలో చేరినానా?"

నా నోటి వెంట వచ్చిన మాట ఇది: "పిల్ల రాసిందన్నా. నేను చూసుకోలేదు."

కాగితం మీద ఉన్నది నా చేతిరాత. చప్పట్లు కొట్టించింది నేను. తరగతి గది కిటికీ తెరిచే ఉంది, సుంకమ్మ ఆ ఒక్క రోజు వేళకే వచ్చి మొదటి వరసలో కూర్చుని ఉంది.

సుగుణమ్మగారు తన గదిలోంచి బయటికి వచ్చి, "తప్పు బడిది తిమ్మప్పా. పిల్లది కాదు" అన్నారు. తిమ్మప్ప ఆమె మాటకు ఎదురు చెప్పేవాడు కాదు, తెలుగు అక్షరాలు అంటకపోయినా, తానూ ఆ బడిలో రెండేళ్ళు కూర్చున్నవాడే. కానీ నేనన్న మాట అప్పటికే ఆయన చెవిలో పడింది. సాయంత్రానికి ఎర్రిస్వామిని లారీ దించేశాడు. "నీ కూతురే రాసిందంట, మీ సారే చెప్పినాడు" అని కూడా చెప్పాడు. మంగళవారం సుంకమ్మ బడికి రాలేదు. బుధవారం రాలేదు. వాళ్ళు దేశనూరులో హులిగమ్మ అక్క దగ్గరికి చెరుకు పనికి వెళ్ళిపోతున్నారని గురువారం తెలిసింది. వెళితే ఆ పిల్ల మళ్ళీ బడి మొహం చూడదు. అలా వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు.

కాలువ అవతల ఇల్లు

ఆ నాలుగు రోజులూ సుగుణమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. శుక్రవారం బడి వదిలాక గొడుగు తీసుకుని, "పోదాం రండి సార్" అన్నారు. దారి పొడుగునా కాలువలో నీళ్ళు తగ్గాయనే మాట్లాడారు. నా జేబులో ఒక కాగితం ఉంది. రాబోయే కబురులో వేయడానికి క్షమాపణ రాసుకున్నాను. పన్నెండు పంక్తులు. బాగా కుదిరిందనుకున్నాను కూడా.

ఇంటి ముందు రెండు గోనెసంచులు మూతి కట్టి ఉన్నాయి. సుంకమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గోడ పక్కన నిలబడింది. "రాండి టీచరమ్మా" అని హులిగమ్మ చాప వేసింది. నా వైపు చూడలేదు. సుగుణమ్మగారు కూర్చుని, "సార్ చెప్తాడు, ఇనుమ్మా" అని, గొడుగు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆదివారం ఆరాధనలో మేం అందరం కలిసి మా పాపాలు ఒప్పుకుంటాం. అచ్చులో ఉన్న మాటలు, అందరి గొంతుల్లో మన గొంతు. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని. హులిగమ్మ వాకిట్లో ఒక్కణ్ణే నిలబడేసరికి ఆ అచ్చు మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు.

"పోయిన వారం కాగితంలో ఒక పొరపాటు జరిగిపోయింది హులిగమ్మా..."

"జరిగిపోయిందా? యాడ్నుంచి జరిగింది సారూ? వాన పడినట్ల పైనుంచి పడిందా?"

"లేదు. నేనే చేసినా. ఇంటికి వచ్చి మిమ్మల్ని అడగల్ల. అడగకుండా అచ్చేసినా. తిమ్మప్పన్న వచ్చి అడిగితే పాప మీద పెట్టినా."

లోపల మంచం మీద పడుకున్న ఎర్రిస్వామి లేచి గడపలోకి వచ్చాడు.

"అంటే పాప ఎవరికీ చెప్పలేదా?"

"బడిలో లెక్క అడిగితే లెక్క చెప్పింది. అంతేనప్పా. మిగిలిందంతా నేను చేసిందే."

"ఐదు దినాలాయ, తండ్రి బిడ్డతో మాట్లాడక" అంది హులిగమ్మ. "అది కూడు తినేటప్పుడు కూడా ఆయప్ప మొగమే చూస్తాంది."

ఎర్రిస్వామి కూతురి వైపు చూశాడు. సుంకమ్మ నేల చూసింది. నాకు ఏం చేయాలో తోచక జేబులోంచి కాగితం తీశాను. వచ్చే శనివారం ఇది అచ్చవుతుందని చెప్పి, పన్నెండు పంక్తులూ చదివాను. ఉపాధ్యాయుడి బాధ్యత ఎంత పవిత్రమైనదో, నా మనసు ఎంత క్షోభించిందో అన్నీ ఉన్నాయి. ఎర్రిస్వామి నిలబడి ఓపిగ్గా విన్నాడు.

"ఇదంతా నీ గురించే ఉండాది కదప్పా సారూ" అన్నాడు.

నేను కాగితం మడిచాను.

"ఒకటి అడుగుతా. పాప చేసిన లెక్క తప్పా?"

"కాదప్పా. సరైన లెక్క. తరగతిలో ఎవరూ అట్లాంటిది కట్టలేరు."

"ఆ మాట యాడుండాది దాంట్లో?"

లేదు. పన్నెండు పంక్తుల్లో ఎక్కడా లేదు. లారీ పోగొట్టుకున్న మనిషి, కూతురితో ఐదు రోజులు మాట్లాడని తండ్రి, అడిగింది తన పని గురించి కాదు. నేను అంతమంది పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ పిల్లకు చెప్పవలసిన మొదటి మాట ఏదో నాకంటే ముందు ఆయనకు తెలిసింది.

"పాప లెక్క రైటు అని రాయి. రాసి నీ కాగితంలో ఏసినంక పాపను బడికి పంపిస్తా. అందాకా దేశనూరు పోము" అన్నాడు. హులిగమ్మ ఏదో అనబోతే, "సుమ్నే ఉండవే" అన్నాడు.

రెండు వాక్యాలు

తిరిగి వస్తూ నేనే అడిగాను. "లెక్క సరైనదని వేస్తే తిమ్మప్ప లారీలు ఎక్కువ లోడు వేస్తున్నాయని మళ్ళీ చెప్పినట్టే కదమ్మా?"

"అవును. అందుకే అది తిమ్మప్ప ఇంటి కబురు కూడా. అక్కడ చదవకుండా వెయ్యలేం."

"మీరు చదివితే ఆయన ఇంటాడు."

"కాగితం రాసేది ఎవరు సార్?"

రెండు రోజులు వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నాను. ఆ రెండు రోజుల్లో వాళ్ళు సంచులు ఎత్తుకుని వెళ్ళిపోయి ఉంటే ఈ వ్యాసానికి వేరే ముగింపు ఉండేది, అది రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. సోమవారం సాయంత్రం తిమ్మప్ప అరుగు ఎక్కాను. ఆయన చుట్టూ నలుగురైదుగురు మనుషులున్నారు. పక్కకు పిలిచి చెబుదామనిపించింది. పిల్ల మీద నింద వేసింది వరండాలో అందరి ముందే కదా అని, అందరి ముందే చెప్పాను. చేతిరాత నాదేనని, అబద్ధం ఆడానని. తర్వాత అచ్చు వేయబోయే రెండు వాక్యాలు చదివాను: 'సుంకమ్మ కట్టిన లెక్క సరైనది. దాన్ని ఆ ఇంట్లో అడగకుండా అచ్చు వేసింది, ఆ తర్వాత తప్పు పిల్ల మీదికి నెట్టింది నేను.'

తిమ్మప్ప చుట్ట నోట్లోంచి తీశాడు.

"సారూ, పోయినసారి తెలియక ఏస్తివి. ఇప్పుడు తెలిసి ఏస్తానంటాండావు. నీకు గుండెకాయ యాడ్నుంచి వచ్చిందప్పా?"

నాకు రాలేదని, ఎర్రిస్వామి దగ్గర అరువు తెచ్చుకున్నానని చెప్పాలనిపించింది. ఆలోపే గుమ్మంలో నిలబడిన హర్షిత అందుకుంది.

"తాతా, లెక్క రైటే. నేను కూడా చేసినా. నలభై వచ్చింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. తిమ్మప్ప మనవరాలి వైపు తిరిగి, "నీకూ నలభై వచ్చిందా?" అన్నాడు. "హౌదు తాతా." ఆయన చుట్టను అరుగు అంచున నలిపి ఆర్పాడు.

"టన్నుల మాట మల్లా ఎత్తొద్దు. లెక్క రైటని రాసుకో. అది రైటే కదా." లేచి నిలబడి, "ఎర్రిస్వామికి మాత్రం లారీ ఇయ్యలేను సారూ. ఆ ఆఫీసరు వాని పేరు రాసుకపోయినాడు. కానీ పిల్ల తప్పు లేదని నేనే పోయి చెప్తా" అన్నాడు.

మరునాడు పొద్దున ఆయన కాలువ అవతలికి వెళ్ళి, ఆ ఇంటి వాకిట్లో నిలబడి చెప్పి వచ్చాడని హులిగమ్మే తర్వాత చెప్పింది. ఎర్రిస్వామి ఆ కారు పంట కోతల్లో ట్రాక్టరు నడిపి, మరికొన్ని నెలలకు వేరే ఊరి వాళ్ళ లారీ ఎక్కాడు. నేను పోగొట్టిన పని నేను తిరిగి ఇప్పించలేకపోయాను. అది అలాగే ఉండిపోయింది.

గురువారం ఆ రెండు వాక్యాలూ మళ్ళీ కాలువ అవతల చదివాను. ఎర్రిస్వామి మొదటి వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. రెండో వాక్యం ఒక్కసారి చాలన్నాడు. శనివారం కాగితం అన్ని ఇళ్ళకూ వెళ్ళింది.

ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకు ఒక మాట. పిల్లల ఇళ్ళను పాఠంలోకి తీసుకురండి, భయపడి మామిడిపళ్ళకే తిరిగి వెళ్ళకండి. ఆ ఇళ్ళు మీవి కావు, అంతే. అడగడానికి పట్టే అరగంట మీకు ఏ అధికారీ ఇవ్వడు, మీరే తీసుకోవాలి. సుగుణమ్మగారు రిటైరయ్యేదాకా గురువారాలు నడిచారు, మోకాళ్ళు అరిగినా నడిచారు. ఆమె తర్వాత నేను నడిచాను. ఆమె నడిచినంత తేలిగ్గా మాత్రం ఎన్నడూ నడవలేదు. ప్రతి గడప ముందూ నాకు కాస్త భయమేసేది. ఆ భయం ఉండాల్సిందే అనుకుంటాను.

ఆ కాగితం ఇళ్ళకు వెళ్ళాక వచ్చిన సోమవారం సుంకమ్మ బడికి వచ్చింది. ఎప్పటిలాగే ఆలస్యంగా. పిల్లలు జరిగి చోటిచ్చారు. ఆ వారం ఇంటి లెక్కలు అడుగుతూ, ఆమె దగ్గరికి వచ్చేసరికి గొంతు వీలైనంత మామూలుగా పెట్టి, "నువ్వేం తెచ్చినావు సుంకమ్మా?" అన్నాను.

లేచి నిలబడింది. "మా ఇంట్లో ఏం లెక్కలూ లేవు సార్" అంది.

నేను పుస్తకం తెరిచి అందులోని మామిడిపళ్ళ లెక్క ఒకటి బోర్డు మీద రాశాను. అందరికంటే ముందు ఆమే చేసి చూపించింది.